వానాకాలంలో లెక్కపెట్టండి

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న మా ఊరి మీద పడింది. ఆ గాలి గురించి విశాఖలో ఎవరినడిగినా గంటసేపు చెబుతారు. నేను దాని తర్వాత వచ్చిన చీకటి గురించి చెబుతాను. మధురవాడలో మా ఇంటికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. మోటారు లేదు కాబట్టి నీళ్ళు లేవు. ఫోన్లు చచ్చిపోయాయి. సాయంత్రం ఆరు దాటితే వీధి వీధంతా నల్లగా అయిపోయేది.

రెండో రాత్రో మూడో రాత్రో అమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఏటే ఆ గోల?" అంది.

కప్పలు. మా ఇంటి వెనక గెడ్డలోంచి, అంటే చిన్న వాగులోంచి. మామూలు రోజుల్లో ఏసీల మోత, టీవీలు, హైవే మీద లారీల హారన్లు. వాటి కింద అణిగిపోయి, ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నా ఎన్నడూ పట్టించుకోని గొంతులవి. ఒకటి సన్నగా, విడవకుండా, పాత కుట్టుమిషను తొక్కినట్టు. ఇంకొకటి లావుగా, ఆగి ఆగి. అమ్మ కాసేపు విని, "ఆ సన్నంగా అరిచేది గోదురుకప్ప. మీ నాన్న ఉంటే అన్నిటి పేర్లూ చెప్పేవారు" అని మళ్ళీ పడుకుంది.

నాన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేశారు. నా చిన్నతనం ఒనకఢిల్లీ క్యాంపులో గడిచింది. పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది, వించ్‌లో దిగాలి. నాన్న దిగుతుంటే పైనుంచి చూసేదాన్ని. విశాఖలో దీపాలు వెలిగేది మేం ఇక్కడ ఉండబట్టే అని ఆ క్యాంపులో పిల్లలందరికీ గట్టి నమ్మకం. అందులో అబద్ధం కూడా లేదు. 1955లో మొదలైన ఆ కేంద్రం కరెంటు మా ప్రాంతానికి ఎన్నో ఏళ్ళు అన్నం పెట్టింది. మా ఇంట్లో అయితే అక్షరాలా పెట్టింది.

పదో రోజు రాత్రి కరెంటొచ్చినప్పుడు వీధంతా కేకలు వేసింది. నేనూ వేశాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ నేను రాయబోయేది ఒక కప్ప గురించి, ఒక డ్యాం గురించి. కరెంటు విలువ తెలియని మనిషి రాసిందని ఎవరూ అనుకోకూడదు.

టాంజానియాలో ఉద్జుంగ్వా అనే కొండలున్నాయి. అక్కడ కిహాన్సి నది ఇరుకైన లోయలోకి జలపాతాలుగా దూకుతుంది. ఆ నీళ్ళు రాళ్ళ మీద పడి చిట్లితే లేచే తుంపర రాత్రీ పగలూ ఆగకుండా పక్కనున్న వాలును తడిపేది. వాలంతా నాచు, ఫెర్న్ మొక్కలు, ముద్దలా తడిసిన గడ్డి. ఆ తుంపర పడేంత మేరలో ఒక కప్ప ఉండేది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని ఇల్లు మొత్తం కలిపితే సుమారు రెండు హెక్టార్లు, అంటే ఐదెకరాలు. మా మేనమామకి చోడవరం దగ్గర ఉన్న చెరుకుతోట అంత. ఆ గట్టు మీద నిలబడితే అటు చివర కనబడుతుంది. ఒక జాతి మొత్తం, తాతముత్తాతల నుంచి పుట్టబోయే పిల్లల దాకా, అంత చోటులో బతికేసింది.

శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు నెక్టోఫ్రైనోయిడిస్ ఆస్పర్జినిస్. ఆ రెండో మాటకి లాటిన్‌లో తుంపర అని అర్థం. నేను తుంపర కప్ప అనే అంటాను. ఆవపిండి రంగులో ఉంటుంది. ఆడది మూడు సెంటీమీటర్లకి మించదు. మగది రెండు కూడా ఉండదు, రూపాయి బిళ్ళ మీద కూర్చోబెడితే చుట్టూ ఇంకా చోటు మిగులుతుంది. చూడ్డానికి బుల్లి కప్పే గానీ, వంశం మాత్రం మన పెరటి గోదురుకప్పదే.

దీని కాన్పు సంగతి తెలిసినప్పుడు నేను చదువుతున్నది పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. కప్ప అంటే మనకి తెలిసిన వరస ఒకటే. నీళ్ళలో గుడ్లు, గుడ్లలోంచి తోకకప్పలు, తోక పోయి కాళ్ళొచ్చి కప్పలు. మా గెడ్డలో గోదురుకప్పలు పెట్టే గుడ్లు జిగురుతాడులో నల్లపూసలు గుచ్చినట్టుంటాయి, గడ్డిపోచలకి చుట్టుకుని. తుంపర కప్ప అలా పెట్టదు. గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, తోకకప్ప దశ కూడా కడుపులోనే గడిచిపోయి, నాలుగు కాళ్ళున్న కప్పపిల్లలే బయటికొస్తాయి. ఒక్కొక్కటి బియ్యపుగింజంత. తల్లి పొట్ట చర్మం ఎంత పల్చనంటే, నెలలు నిండాక లోపలి పిల్లలు బయటికి కనబడతాయి. కప్పల్లో ఇలా పిల్లల్ని కనేవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని జాతులే. దీనికి చెరువు అక్కర్లేదు, గుంట అక్కర్లేదు. కావలసిందల్లా ఎడతెగని తడి.

ఆ తడినిచ్చే నదికే అడ్డంగా డ్యాం కట్టారు. 180 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు. ప్రపంచ బ్యాంకు కూడా అప్పిచ్చింది. పేద దేశం, కరెంటు కోతలతో సతమతమవుతున్న దేశం, వాళ్ళకి అది నిజంగా అవసరం. డ్యాం పని నడుస్తుండగా, 1996లో, దిగువ లోయలో సర్వే చేస్తున్నవాళ్ళకి ఈ కప్ప కనబడింది. దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కిమ్ హోవెల్ మరి కొందరితో కలిసి దానికి పేరు పెట్టేసరికి 1998 అయింది. 2000లో నీళ్ళు టర్బైన్ల వైపు మళ్ళాయి. జలపాతానికి వచ్చే నీళ్ళలో నూటికి తొంభై వంతులు పోయాయి. తుంపర ఆగిపోయింది. నాచు ఎండిపోయింది. ఇదివరకు ఆ తడిలోకి రాలేని గండుచీమలు దండులుగా వచ్చాయి.

ఆ ఏడాది చివర్లో 499 కప్పల్ని పట్టుకుని విమానంలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలకి పంపించారు. మిగిలినవాటి కోసం కొండవాలు మీద పైపులు వేసి, స్ప్రింక్లర్లు పెట్టి, కృత్రిమంగా తుంపర కురిపించారు.

ఇది చదివినప్పుడు నాకు కప్పతల్లి ఆట గుర్తొచ్చింది. వానలు ముఖం చాటేసిన ఏడు మా అమ్మమ్మగారి ఊళ్ళో పిల్లలు ఒక కప్పని పట్టి, రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పేవారు. ప్రతి గుమ్మం దగ్గరా ఇల్లాలు చెంబుతో నీళ్ళు తెచ్చి రోకలి మీద పోసేది. కప్పకి తడి తగిలితే పైనున్నవాడికి జాలి కలుగుతుందని. కిహాన్సిలో జరిగింది దానికి తలకిందులు. నీళ్ళు పట్టుకుపోయిన మనుషులే పైపులతో కప్ప మీద నీళ్ళు చల్లుతూ, చావొద్దని బతిమాలుకున్నారు.

కొన్నాళ్ళు అది పనిచేసింది కూడా. 2003 జూన్‌లో లెక్కిస్తే ఆ వాలు మీద సుమారు 20 వేల కప్పలున్నట్టు తేలింది. ఆ తర్వాత వారాల్లోనే కుప్పకూలాయి. 2004 జనవరిలో వెతికితే కనబడ్డవి మూడు. 2009లో, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో లెక్క చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఆ జాతి అడవిలో అంతరించిపోయిందని ప్రకటించింది.

ఇరవై వేల నుంచి మూడు, ఏడు నెలల్లో. ఎలాగ?

చచ్చిన కప్పల చర్మంలో కైట్రిడ్ అనే శిలీంధ్రం దొరికింది. ఇదేం చేస్తుందో అర్థం కావాలంటే కప్ప నీళ్ళెలా తాగుతుందో చూడాలి. మా పెరట్లో బట్టలుతికే బండ కింద ఒక గోదురుకప్ప కాపురముంటోంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగూకాక, నేను కుళాయి దగ్గర తడిపి వేసిన గోనెసంచి మీదికి వస్తుంది. నోరు తెరవదు. వెనకకాళ్ళు వెడల్పుగా చాచి, పొట్ట కింది భాగాన్ని ఆ తడికి అదిమిపెట్టి కూర్చుంటుంది. అంతే, అదే దాని తాగడం. ఆ భాగంలో చర్మం పల్చగా ఉండి, నీళ్ళని నేరుగా ఒంట్లోకి లాగుతుంది. కాసేపటికి దాని పక్కలు నిండుగా ఉబ్బుతాయి, గొంతు కింద చర్మం అదురుతూనే ఉంటుంది. కప్పకి చర్మమే చెంబు, చర్మం సగం ఊపిరితిత్తి కూడా. ఒంట్లో ఉప్పుల లెక్క చూసుకునేదీ ఆ చర్మమే. కైట్రిడ్ సరిగ్గా అక్కడ దిగుతుంది. చర్మం పై పొరలో పెరిగి దాన్ని మందంగా, పనికిరాకుండా చేస్తుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి. గుండె ఆగిపోతుంది. ఈ ఒక్క శిలీంధ్రం ప్రపంచంలో 501 ఉభయచర జాతుల్ని తగ్గించిందని, వాటిలో 90 జాతులు పూర్తిగా పోయినట్టున్నాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

మరి తప్పు జబ్బుదేగా, డ్యాందెందుకు అనొచ్చు. కిహాన్సిలో కారణం దగ్గర శాస్త్రజ్ఞుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. అదే సమయంలో డ్యాం అడుగు గేట్లు తెరిచి బురద వదిలారు, అందులో ఎగువ పొలాల పురుగుమందులు కొట్టుకొచ్చాయని కొందరంటారు. నాకు అర్థమైనంతలో విషయం ఇది: పైపుల తుంపర మీద, ఎండి మారిపోయిన వాలు మీద, బిక్కుబిక్కుమంటూ బతుకుతున్న జాతికి ఎటునుంచి దెబ్బ తగిలినా అదే ఆఖరి దెబ్బ అవుతుంది. వేరే చోట ఇంకో గుంపు ఉంటే ఇక్కడ చచ్చినా అక్కడ మిగిలేవి. దీనికి ఉన్నవి ఐదెకరాలే.

అమెరికాలోనూ వాటి బతుకు సుఖంగా ఏమీ సాగలేదు. వేర్వేరు జంతు ప్రదర్శనశాలలకి పంచారు. చాలా చోట్ల చచ్చిపోయాయి. ఏ వెలుతురు కావాలో, ఎంత చిన్న పురుగులు పెట్టాలో తెలుసుకునేలోపే చాలా పోయాయి. చివరికి బ్రాంక్స్, టొలీడో రెండే నిలబెట్టాయి. 2010లో వంద కప్పలు విమానమెక్కి సొంత దేశానికి తిరిగొచ్చాయి. 2012లో సుమారు 2,500 కప్పల్ని ఆ లోయలో వదిలారు. అడవిలో అంతరించిందని ప్రకటించిన ఉభయచరాన్ని తిరిగి దాని చోటుకి చేర్చడం ప్రపంచంలో అదే మొదటిసారి. అది చేసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం. ఆ వాలు మీద పైపులు మాత్రం ఉండాల్సిందే.

మా తమ్ముడు ఇంజినీరు. ఈ కథంతా వాడికి చెప్పినప్పుడు ఓపిగ్గా విని, "అయితే అక్కా, ఒక కప్ప కోసం ఒక దేశం చీకట్లో ఉండాలంటావా? హుద్‌హుద్‌లో తొమ్మిది రోజులకే మనం ఏమైపోయామో మర్చిపోయావా?" అన్నాడు.

మర్చిపోలేదు. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, మంచి మనసుతోనే అడుగుతారు. కరెంటా, కప్పా? అలా అడిగితే జవాబు ముందే తెలిసిపోతుంది, కప్ప ఓడిపోతుంది. కిహాన్సిలో కూడా సరిగ్గా ఇలాగే అడిగారు. కానీ ఆ ప్రశ్న అడిగే సమయానికి డ్యాం సగం లేచి ఉంది, అప్పు ఖర్చవుతోంది, వెనక్కి తిరిగే దారి లేదు. అదే కప్ప డ్రాయింగులు గీయక ముందు కనబడి ఉంటే ప్రశ్న వేరేగా ఉండేది. ఆ ఐదెకరాలు తడిసేందుకు ఎన్ని నీళ్ళు వదలాలి? అది లెక్క కట్టగల ప్రశ్న. మా తమ్ముడిలాంటివాళ్ళు కాగితం తీసి సాయంత్రానికి జవాబు చెప్పగల ప్రశ్న. ముందే తెలిస్తే ఇంజినీరింగ్ అయ్యేది, ఆలస్యంగా తెలిసింది కాబట్టి అంత్యక్రియలయింది. వాడితో ఇదే అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ముందు చూడనేలేదా?" అన్నాడు.

చూశారు. కానీ తుంపర పడే ఆ చోట, ఆ జాగాలో చేతులు పెట్టి ఎవరూ చూడలేదు. నా గోడంతా ఇక్కడే.

మన దేశంలో ప్రాజెక్టులకి అనుమతి ఇచ్చేముందు పర్యావరణ ప్రభావ అంచనా చెయ్యాలి. 2006 నాటి నోటిఫికేషన్ కింద చాలా రకాల ప్రాజెక్టులకి ఒక సీజన్ వివరాలు సేకరిస్తే సరిపోతుంది. ఆ సీజన్ ఏది? వానాకాలం కానిది. గాలిలో దుమ్ము కొలవడానికి అది సబబే కావచ్చు, వాన పడితే దుమ్ము అణిగిపోతుంది కాబట్టి. కానీ అదే రిపోర్టులో జీవజాలం పట్టిక కూడా ఉంటుంది. ఫిబ్రవరిలో, పట్టపగలు, ఎండిన గెడ్డ పక్కన నడుచుకుంటూ పోయే మనిషికి ఎన్ని కప్పలు కనబడతాయి? మన కప్పల్లో చాలా వరకు ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలో, రాళ్ళ సందుల్లో, ఆకుల కింద ఉంటాయి. తొలకరి పడ్డ నాలుగు రాత్రులు బయటికొచ్చి, అరిచి, జతకట్టి, గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. అవి ఉన్నాయని చెప్పుకునేది ఆ రాత్రుల్లోనే. ఆ రాత్రులు వదిలేసి రాసిన పట్టికలో కప్పలు లేకపోవడం వింత కాదు. నదుల మీద కట్టే ప్రాజెక్టులకి మూడు సీజన్ల వివరాలు అడుగుతారు, అది కొంత నయం. కానీ రోడ్లకీ, లేఅవుట్లకీ, క్వారీలకీ పోయే గెడ్డలు, ఊటలు ఎన్ని?

మా మన్యం సంగతి చూడండి. సౌర విద్యుత్ పెరిగాక దాన్ని దాచుకోవడానికి పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు కావాలంటున్నారు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీస్తారు. దానికి ఎత్తయిన కొండలు కావాలి, అవి మాకున్నాయి. ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టారు. బొగ్గు తగలబెట్టడం కన్నా ఇది మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ పైన రిజర్వాయరు తవ్వే ప్రతి కొండ మీదా ముందు ఒక వానాకాలం, రాత్రిపూట, కప్పల భాష తెలిసినవాళ్ళు తిరగాలి. వాళ్ళతో ఆ ఊరి గిరిజనులు ఉండాలి. ఏ రాయి కింద ఏముందో, ఏ నెలలో ఏ గొంతు వినబడుతుందో వాళ్ళకి తెలిసినంత ఏ కన్సల్టెంటుకీ తెలియదు. వాళ్ళకి కూలి ఇవ్వాలి, రిపోర్టులో వాళ్ళ పేర్లు ఉండాలి. ఇది కోట్ల ఖర్చు కాదు. ఓ నాలుగు టార్చిలైట్లు, గొడుగులు, రికార్డర్లు, ఒక జీపు, నాలుగు నెలల ఓపిక.

అడవిని కాపాడుకుంటే చాలు, ఈ లెక్కలన్నీ ఎందుకు అంటారు కొందరు. కోస్టారికాలో మాంటెవెర్డె కొండల మీద బంగారు కప్ప ఉండేది. మగది మెరిసే నారింజ రంగు. అది ఉన్నది రక్షిత అడవిలోనే. డ్యాం లేదు, గొడ్డలి లేదు. 1987లో 1500కి పైగా కనబడ్డాయి. 1989లో ఒక్కటి. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, 2004లో అంతరించిందని తేల్చారు. కంచె వేసినంత మాత్రాన సరిపోదని అది చెబుతోంది. కానీ ఆ కథ మనకి తెలియడానికి కారణం, ప్రతి ఏడూ వర్షాకాలంలో ఎవరో అక్కడికెళ్ళి లెక్కపెట్టడమే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇంటికి దగ్గరిది. మాచ్‌ఖండ్‌కి నీళ్ళు మళ్ళించింది డుడుమ జలపాతం దగ్గర. నిరుడు జనవరిలో అమ్మని తీసుకుని వెళ్ళాను, పాత క్యాంపు చూస్తానంటే. అంత ఎత్తు కొండచరియ మీద సన్నటి పాయ దిగుతోంది. దాని రెండు పక్కలా రాతి మీద వెడల్పాటి నల్లటి చార, ఒకప్పుడు నీళ్ళు ఎంత మేర పడేవో చూపిస్తూ. ఆ చార అంచున, ఆ తుంపరలో, 1955కి ముందు ఏమేం బతికేవి? ఎవరైనా వెళ్ళి చూసి ఉంటే నాన్న నాకు చెప్పేవారు. బహుశా ఏమీ లేకపోవచ్చు. ఎక్కడైనా బతికే మామూలు కప్పలే అయ్యుండొచ్చు. లేదా మనదైన ఒక తుంపర కప్ప ఉండి, పేరు పెట్టించుకోకుండానే పోయి ఉండొచ్చు. కిహాన్సి కప్ప అదృష్టం ఏమిటంటే, నీళ్ళు మళ్ళడానికి నాలుగేళ్ళ ముందైనా ఎవరో దాన్ని చూశారు. నేను కరెంటు దీపం కింద చదువుకున్న పిల్లని. ఆ దీపం కోసం ఏం పోయిందో నాకు తెలియాలి కదా.

అమ్మ చాలాసేపు ఆ చార వైపే చూసింది. "వానాకాలంలో దీని మోత క్యాంపు దాకా వినబడేది" అంది.

మా ఇంటి వెనక గెడ్డ ఇప్పుడు లేదు. హుద్‌హుద్ అయిన నాలుగేళ్ళకి ఒక బిల్డరు కూలగొట్టిన ఇళ్ళ శిథిలాలు లారీలతో తెచ్చి పూడ్చాడు, దాని మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. మొన్న తొలకరికి అటు వెళ్ళి అక్కడి వాచ్‌మన్‌ని అడిగాను, రాత్రిళ్ళు కప్పలేమైనా అరుస్తున్నాయా అని. శ్రీకాకుళం వైపు మనిషి. "కప్పలేటమ్మా," అన్నాడు, "గెడ్డ కప్పెట్టేసినారు కదా, ఇంకెక్కడుంటాయి? సెల్లార్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఒకటో రెండో వొత్తాయి. తుడిసే పిల్ల చీపురుతో బయటికి తోసేత్తాది."

ఈ జులైలో పెద్ద వాన పడ్డ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. విసుక్కుంటూనే కారు తీశాడు. ఆనందపురం దాటాక ఒక చెరువు గట్టు మీద ఆగాం. ఇంజను ఆపి, లైట్లు ఆపాం. మొదట ఏమీ వినబడలేదు. పది నిమిషాలకి ఆ కుట్టుమిషను గొంతు మొదలైంది, దానికి ఎదురుగా ఇంకొకటి, ఆ తర్వాత గట్టు పొడవునా. నేను నోట్‌బుక్కులో తేదీ, టైము, వాన ఎప్పుడు ఆగిందో రాశాను. తమ్ముడు కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు.

"పదకొండు" అన్నాడు.

"పన్నెండు. అదిగో, ఆ తుమ్మచెట్టు వైపు, ఆగి ఆగి అరుస్తోంది చూడు."

విన్నాడు. తలూపాడు. "అవతలి ఒడ్డున ఇంకా ఉన్నట్టున్నాయి అక్కా" అన్నాడు. టార్చి వేసి చూశాం. అటువైపు చెరువులోకి కొత్తగా ఎర్రమట్టి తోలి ఉంది, దాని మీద లారీ టైర్ల గుర్తుల్లో నీళ్ళు నిలిచాయి. ఒక గుర్తులో నల్లపూసల తాడు లాంటిది తేలుతోంది.